గొడుగు పట్టేంత సందు

అక్షరాలు నా చేతికి ఆలస్యంగా అందాయి. ఒత్తులు ఎక్కడైనా జారిపోతే, దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోతే మీరే సర్దుకుని చదవండి. నిదానంగా రాస్తాను కాబట్టి కథ కూడా నిదానంగానే నడుస్తుంది, ఏమీ అనుకోవద్దు. ఇది మా వదినకు జరిగిన సంగతి. ఆమె చెప్పింది కొంత, ఆమె మనవరాలు చెప్పింది కొంత. ఇద్దరి మాటా ఒకటైన చోట అలాగే రాశాను. తేడా వచ్చిన చోట పిల్ల మాటే తీసుకున్నాను. మా వదిన చాలాసేపు కళ్ళు మూసుకునే ఉందట మరి.

మా వదినను వీధిలో అందరూ బొత్తాలమ్మ అంటారు. వయసులో ఉన్నప్పుడు చొక్కాల కంపెనీలో బొత్తాలు కుట్టేది. ఆ పని మానేసి ఎన్నో ఏళ్ళయింది గానీ పేరు మాత్రం గట్టి దారంతో కుట్టినట్టు ఊడకుండా ఉండిపోయింది.

బొత్తాలమ్మకు పామంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు, అల్లుడంటే అసలే లేదు. మూసిన తలుపంటే మాత్రం ప్రాణం గొంతులోకి వచ్చేస్తుంది. స్నానాల గదికి లోపల గడియ పెట్టదు. తలుపు ఓరగా వేసి, తాను లోపలున్నట్టు అందరికీ తెలియాలని నీళ్ళు పోసుకున్నంతసేపూ దగ్గుతుంది. "అమ్మా, నీ దగ్గు వినలేక పక్కింటాయన మందు పంపించాడే" అని కూతురు ఎన్నోసార్లు నవ్వింది. పడుకునే గది తలుపు గాలికి మూసుకోకుండా అడుగున ఎప్పుడూ ఒక ఇటుక ముక్క ఉంటుంది. ఆ ఇటుక తగిలి అల్లుడి కాలి బొటనవేలి గోరు ఊడింది. అయినా ఇటుక కదల్లేదు.

మనవరాలు పిచ్చుక ఏడో తరగతి. బక్కపల్చటి పిల్ల, నోరు మూత పడదు, అందుకే ఆ పేరు. బళ్ళో ఆ ఏడాది రోబోలు చెయ్యడం నేర్పుతున్నారు. పిచ్చుక, దాని క్లాసులోనే చదివే బఠానీ అనే పొట్టి పిల్లాడు కలిసి అరచేయంత బండి ఒకటి తయారు చేశారు. దానికి పెంకిగాడని పేరు పెట్టారు. ఎందుకయ్యా అంటే, వాడు నేర్పింది తప్ప ఒక్క పిసరు కూడా ఎక్కువ చెయ్యడట.

పిల్లల రోబోల పోటీ ఒక ఆదివారం వచ్చింది. ఆ రోజు కూతురికీ అల్లుడికీ ఇద్దరికీ డ్యూటీ. ఇంటి పెద్దలు ఎవరో ఒకరు పక్కన ఉంటే తప్ప పిల్లల్ని పోటీ హాల్లోకి రానివ్వరు. బఠానీ వాళ్ళ ఇంట్లోనూ ఎవరికీ తీరిక లేదు. ఇద్దరు పిల్లలకూ కలిపి బొత్తాలమ్మే పెద్దదిక్కయింది. జడ వేసుకుని, పొడుగాటి గొడుగు పట్టుకుని బయల్దేరింది. ఆ గొడుగు ఎండకూ కాదు, వానకూ కాదు. చేతికర్ర పట్టుకుంటే ముసలిదంటారని గొడుగు పట్టుకుంటుంది.

పోటీ జరిగే హాలు నాలుగో అంతస్తులో ఉంది. బళ్ళో సారు మిగతా పిల్లల్ని తీసుకుని ముందే పైకి వెళ్ళిపోయాడు. బొత్తాలమ్మ లిఫ్టు వైపు కన్నెత్తి చూడకుండా మెట్ల దారి పట్టింది. మొదటి మలుపు దాకా ఎక్కి, అక్కడే చతికిలబడింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఏమీ కాలేదే. నా మోకాళ్ళు పని మానేశాయి, అంతే. కాస్సేపు బతిమాలితే మళ్ళీ వస్తాయి."

"మన పేరు పిలిచేస్తారు! నువ్వు లేకపోతే మమ్మల్ని గుమ్మంలోనే ఆపేస్తారు!"

బఠానీ మెట్ల మీద నుంచి కిందికీ పైకీ చూసి, "పిచ్చుకా, మనం పెద్దయ్యాక పోటీకి వద్దాంలే" అన్నాడు. పిచ్చుక వాడికి ఒక్కటిచ్చింది. పెంకిగాడి డబ్బాను గుండెలకు హత్తుకుని నిలబడ్డ ఆ పిల్ల మొహం చూసి బొత్తాలమ్మ లేచింది. మెట్లు దిగి, లిఫ్టు ముందు నిలబడి, దండం పెట్టుకోవడం కూడా మర్చిపోయి లోపలికి అడుగుపెట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

వాళ్ళ వెనకే ఒక పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ ఒకాయన ఎక్కాడు. పార్సిళ్ళు తెచ్చిచ్చే మనిషి, కండలు తిరిగిన చేతులు. "కొంచెం సర్దుకోండమ్మా" అన్నాడు. తలుపు రెక్కలు రెండూ వచ్చి మధ్యలో కలిశాయి. లిఫ్టు కదిలింది.

రెండు అంతస్తులు దాటిందో లేదో, దీపం ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. కాళ్ళ కింద నేల ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయింది.

"కరెంటు పోయింది" అన్నాడు బఠానీ, ఎవరికీ తెలియనట్టు.

బొత్తాలమ్మ కళ్ళు తెరిచింది. తెరిచినా మూసినా ఒకటే చీకటి. ఆమె గొంతులోంచి వచ్చిన కేక ఆమెకే కొత్తగా ఉంది. రెండు చేతులతో తలుపును బాదడం మొదలుపెట్టింది.

"తియ్యండి! గాలి లేదు! తియ్యండి బాబూ!"

పార్సిలాయన ఫోను దీపం వెలిగించాడు. అలారం బొత్తం నొక్కితే అది కుక్కపిల్ల మూలిగినట్టు ఒకసారి మూలిగి ఊరుకుంది. ఫోను ఎవరికి చేద్దామన్నా ఆ ఇనప డబ్బాలోకి సిగ్నలు రావడం లేదు. ముసలామె పెదవులు నల్లబడుతున్నాయని చూసి, ఆయన అట్టపెట్టె కింద పెట్టి, తలుపు రెక్కల మధ్య వేళ్ళు దూర్చి బలంగా లాగాడు. రెక్కలు కొంచెం విడిపడ్డాయి. ఎదురుగా ఇటుక గోడ, ఎండిపోయిన సిమెంటు బొట్లు. ఎక్కడో పైనుంచి సన్నటి వెలుగు, దాంతోపాటు దుమ్ము వాసనతో చల్లటి గాలి వచ్చాయి.

"చేతులు జారుతున్నాయి, మూసుకుపోతోంది" అన్నాడాయన ఆయాసపడుతూ.

బొత్తాలమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. గొడుగును రెక్కల మధ్య అడ్డంగా దూర్చేసింది. ఆయన వదిలేశాడు. రెక్కలు వచ్చి గొడుగును కరుచుకుని ఆగిపోయాయి. గొడుగు పట్టేంత సందు మిగిలింది. ఆమె నేల మీద కూలబడి, ఆ సందుకు ముక్కు ఆనించి, గొడుగు పిడిని రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మయ్య" అంది. అంతే. ఇంక కదల్లేదు.

అందరూ కలిసి అరిచారు. పై అంతస్తులో మైకు మోగుతూనే ఉంది. వాళ్ళకు జనరేటరు ఉన్నట్టుంది. ఎవరి పేరో పిలుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్ల కింద వీళ్ళ అరుపులు అణిగిపోయాయి. కొంతసేపటికి గొంతులు బొంగురుపోయి ఊరుకున్నారు. చెమట వాసన, అట్టపెట్టె వాసన, మాటిమాటికీ పార్సిలాయన నిట్టూర్పు. నలుగురు మనుషులకు కాళ్ళు చాపుకునే చోటు లేదు.

"అమ్మమ్మా, నీకు పెంకిగాడిని చూపించనా?" అంది పిచ్చుక. అమ్మమ్మ గొడుగు పిడిని వదలడం లేదని దానికి కనిపిస్తూనే ఉంది.

"చూపించు. ఇక్కడింక చూడ్డానికేముంది."

డబ్బాలోంచి బండి బయటికి తీసి మీట నొక్కగానే చిన్న ఎర్ర దీపం వెలిగింది. ముందు భాగాన రెండు గుండ్రటి కళ్ళు ఉన్నాయి.

"ఇవి కళ్ళలాగా ఉన్నాయిగానీ నిజానికి ఒకటి నోరు, ఒకటి చెవి" అంది పిచ్చుక. "ఒకటి కేక వేస్తుంది, మనకి వినపడదు. ఆ కేక ఎదురుగా ఉన్నదానికి తగిలి వెనక్కొస్తే రెండోది వింటుంది. తొందరగా వచ్చిందంటే గోడ దగ్గరుందని."

"బావిలోకి తొంగిచూసి కూత వేస్తే లోతు తెలిసినట్టా?"

"అచ్చం అంతే! దీన్ని సెన్సరు అంటారు."

"ఈ పచ్చ పలక వాడి బుర్ర" అన్నాడు బఠానీ, అందుకుంటూ. "ఈ రెండూ మోటార్లు. సెన్సరు చూస్తుంది, బుర్ర తేలుస్తుంది, మోటారు తిరుగుతుంది. మా సారు రోజూ ఇదే మంత్రం. ఏ రోబోలో అయినా ఈ మూడూ ఉంటాయంట."

"మా అల్లుడికి ఆ మధ్యదొక్కటే తక్కువ" అంది బొత్తాలమ్మ, సందులోంచి ముక్కు తియ్యకుండానే.

"అమ్మమ్మా! ఆయన మా నాన్న!"

పార్సిలాయన పకపకా నవ్వాడు. "నవ్వకండి సార్, లోపలున్న గాలంతా మీరే అవగొట్టేస్తున్నారు" అన్నాడు బఠానీ. ఆ మాటతో బొత్తాలమ్మ మళ్ళీ బిగుసుకుపోయింది. పిచ్చుక వాడి కాలు తొక్కింది.

బండిని నేల మీద పెట్టారు. కదల్లేదు. ఎర్ర దీపం రెప్పలాడిస్తూ అలాగే నిలబడింది.

"వీడికీ కరెంటు పోయిందా?" అన్నాడు పార్సిలాయన.

"లేదు సార్. మీ బూటు వాడి ఎదురుగా ఉంది. ఏదైనా అడ్డం ఉంటే కదలొద్దని నేర్పాం. మీరు కాలు తియ్యండి."

ఆయన కాలు వెనక్కి లాక్కోగానే పెంకిగాడు గుర్రుమంటూ బయల్దేరి, అట్టపెట్టె దాకా వెళ్ళి, తలకాయ గుద్దుకోకుండా ఆగాడు.

"నేనేదో వాడికి నామీద కోపమొచ్చిందనుకున్నా" అన్నాడాయన.

"వాడికి కోపం తెలీదు సార్. ముందు ఏదైనా ఉందా లేదా, అదొక్కటే తెలుసు."

అప్పుడు కరెంటు వచ్చింది. తల మీద దీపం వెలిగి అందరూ కళ్ళు చికిలించుకున్నారు. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. బఠానీ గంతేసి నాలుగో అంతస్తు బొత్తం నొక్కాడు. బొత్తం వెలిగింది. పైన ఎక్కడో 'టక్' మంది. అంతటితో సరి. బొత్తం ఆరిపోయింది.

మళ్ళీ నొక్కాడు. టక్. ఆరిపోయింది. పార్సిలాయన అన్ని బొత్తాలూ వరసగా నొక్కాడు, కిందిదీ, పైదీ. గోడను ఒక గుద్దు గుద్దాడు. లిఫ్టు బండరాయిలా అక్కడే ఉంది.

మైకు కాస్త ఆగిన సమయం చూసి అందరూ ఒక్కసారిగా అరిస్తే, కింది నుంచి ఒక గొంతు పలికింది. ఆ మేడ వాచ్‌మన్‌ది.

"ఎవరయ్యా లోపల?"

"మేమే!" అన్నాడు బఠానీ.

"మీరెవరు?"

"ఇరుక్కున్నోళ్ళం!"

"కరెంటొచ్చిందిగా, బొత్తం నొక్కండి!"

"నొక్కుతూనే ఉన్నాం!"

"గట్టిగా నొక్కండి!"

"నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయింది తాతా!"

"అయితే చెడిపోయినట్టే. మెకానిక్కుకి ఫోను చేస్తా. ఊరవతల ఉంటాడు, సాయంత్రంలోగా వస్తాడు. అల్లరి చెయ్యకుండా కూచోండి!"

అడుగుల చప్పుడు దూరమైపోయింది. సాయంత్రం అన్న మాట ఆ డబ్బాలో రాయి పడ్డట్టు పడింది.

బొత్తాలమ్మ గొడుగు పిడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళ ముందు లిఫ్టు లేదు. చొక్కాల కంపెనీ హాలు ఉంది. రెండో అంతస్తులో పొడుగాటి హాలు, వరసగా బల్లలు, కాళ్ళ చుట్టూ దారం ముక్కలు. సరుకు పంపించే రోజు దగ్గర పడితే సూపర్వైజరు బయట షట్టరు దించి తాళం వేసేవాడు, ఆడవాళ్ళు మధ్యలో లేచి ఇంటికి పోకుండా. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర గుడ్డల కుప్ప అంటుకుంది. మంట చిన్నదే. పొగ మాత్రం హాలంతా కమ్మేసింది. తాళంచెవి ఉన్నవాడు భోజనానికి పోయాడు. షట్టరుకూ నేలకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. గొల్లుమంటున్న ఆడవాళ్ళందరూ నేల మీద బోర్లా పడుకుని, ఆ సందుకు మొహాలు ఆనించి, ఒకరి భుజం మీద ఒకరు పడి గాలి పీల్చారు. తాళం తీసేదాకా అలాగే ఉన్నారు. ఎవరూ చావలేదు. అందుకే ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు కూడా. కానీ ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే తెలుసు: సందు ఉంటే బతుకుతాం.

పిచ్చుక వంగి పెంకిగాడిని చూసింది, వాడి ముందున్న అట్టపెట్టెను చూసింది. తలెత్తి తలుపును చూసింది.

"ఒరే బఠానీ. లిఫ్టులో కూడా మూడూ ఉంటాయి కదా?"

"ఏ మూడు?"

"సెన్సరు, బుర్ర, మోటారు. మనం నొక్కినప్పుడల్లా టక్ మంటోంది. అంటే బుర్రకి మన మాట చేరుతోంది. మోటారుకి పొమ్మని చెప్పడం లేదు. ఎందుకు?"

"చెడిపోయింది కాబట్టి."

"లేకపోతే దానికి అడ్డం ఏదో కనిపిస్తోంది కాబట్టి."

ఇద్దరూ ఒకేసారి గొడుగు వైపు చూశారు. బొత్తాలమ్మ వాళ్ళ చూపు పసిగట్టింది.

"వద్దు" అంది.

"అమ్మమ్మా, తలుపు తెరిచుంటే లిఫ్టు కదలదు. నువ్వెప్పుడైనా తలుపు తెరిచి పైకి పోయే లిఫ్టుని చూశావా?"

"నేను లిఫ్టునే చూడలేదు, ఇంక తలుపు సంగతి నాకేం తెలుసు. వద్దన్నానా!"

"కరెక్టే అమ్మమ్మగారూ" అన్నాడు బఠానీ. "గొడుగు తీస్తే తలుపు మూసుకుంటుంది, అప్పుడు..."

"అప్పుడు ఊపిరాడక చస్తాం. నీకు మీసాలు రానీ, అప్పుడు నాకు చెబుదువుగాని."

"పెద్దమ్మ మాటా నిజమే" అన్నాడు పార్సిలాయన, మెడ తుడుచుకుంటూ. "మళ్ళీ కరెంటు పోతే? గాలాడాలి కదా పాపా. మెకానిక్కు వచ్చేదాకా ఈ సందు ఉండనీ."

పిచ్చుక లేచి నిలబడింది. జేబులోంచి రుమాలు తీసి, కొస పట్టుకుని పైకెత్తింది. ఫ్యాను పక్కన చిల్లుల రేకు ఉంది. దాని దగ్గర రుమాలు రెపరెపలాడింది. "గాలి అక్కడి నుంచి వస్తోంది. చూడు అమ్మమ్మా."

బొత్తాలమ్మ చూడలేదు. చూస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని ఆమెకు తెలుసు. "మీకు తెలీదే" అంది, సందుతోనే మాట్లాడుతున్నట్టు. "ఆ రోజు హాల్లో మేమందరం నేల మీద పడుకుని... ఇంత సందు. వేలంత. అది లేకపోతే నేను లేను, మీ అమ్మా లేదు, నువ్వూ లేవు. నా చేత్తో నేను దీన్ని మూయలేను. నా వల్ల కాదు. ఏమన్నా అనుకోండి."

ఆమె ఏడవడం పిచ్చుక ఎన్నడూ చూడలేదు. పైన మైకులో ఎవరో ఏడో తరగతి పిల్లలు అని పిలిచారు. బఠానీ తలెత్తి విని, పెంకిగాడి మీట నొక్కి ఎర్ర దీపం ఆర్పేశాడు.

"సరే" అంది పిచ్చుక. వచ్చి అమ్మమ్మ పక్కన ఆనుకుని కూర్చుంది. "అయితే ఉంచుదాం. సాయంత్రం దాకా కూచుందాం."

"మరి మీ పోటీ?"

"వచ్చే ఏడాది మళ్ళీ పెడతారుగా."

పార్సిలాయన కూడా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంక ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి ఆమెకు ఊపిరి తీసుకోవడం మరీ కష్టమైంది. సందులోంచి దుమ్ము గాలి వస్తూనే ఉంది. ఇటుక గోడ మీద ఒక సాలీడు ఎక్కి దిగింది. ఆమె దాన్ని చూస్తూ చాలాసేపు ఉంది.

"ఏమే" అంది చివరికి. "దీని బుర్రకి ఏమని తెలుస్తోందంటావు?"

"తలుపు తీసుందని."

"తీసుంటే పోకూడదని ఎవరు నేర్పారు?"

"చేసినవాళ్ళు. తలుపు తెరిచి పోతే మనుషులు పడిపోతారు కదా, గోడకి కాళ్ళు తగిలి నలిగిపోతారు కదా, అందుకని."

"అంటే మనం పడకూడదనే ఆగిందా ఇది?"

"ఊఁ."

"మనం లోపల ఇరుక్కుని ఏడుస్తున్నామని దానికి తెలుసా?"

"తెలీదు. తలుపు మూసుందా, తీసుందా, అదొక్కటే తెలుసు."

బొత్తాలమ్మ ముక్కు తుడుచుకుంది. "షట్టరుకి తాళం వేసినవాడికి మేము లోపలున్నామని తెలుసు" అంది నెమ్మదిగా. "తెలిసే వేశాడు."

ఆమె చూపు గొడుగు మీదికి వచ్చింది.

"మూసినా కదలకపోతే?"

పిచ్చుకకు అబద్ధం చెప్పాలనిపించిందట. చెప్పలేకపోయింది. "నిజంగా తెలీదు అమ్మమ్మా. మెకానిక్కుకి ఇంకేమైనా తెలుసేమో. నాకు తెలిసింది ఇంతే."

"కదలకపోతే నేను మళ్ళీ లాగుతాను పెద్దమ్మా" అన్నాడు పార్సిలాయన, కళ్ళు తెరిచి. "నా చేతులు ఎక్కడికీ పోలేదు. మీరు ఎప్పుడంటే అప్పుడు."

"నువ్వు లాగలేకపోతే?"

"ఈ పెట్టె మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిన చేతులమ్మా ఇవి."

"మూడో అంతస్తు దాకా ఎక్కడ మోశారు సార్, లిఫ్టు మోసింది" అన్నాడు బఠానీ.

బొత్తాలమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే, మళ్ళీ ఆలోచన వచ్చేలోపల, పిడిని పట్టుకుని ఒక్క లాగు లాగింది. గొడుగు రాలేదు. రెక్కలు గట్టిగా కరుచుకున్నాయి. అంత ధైర్యమూ వృథా అయిపోతుందేమోనని ఆమెకు కోపం వచ్చింది. "వదలవే ముదనష్టపుదానా!" అని కాలు గోడకు తన్నిపెట్టి గుంజింది. గొడుగు ఊడి ఆమె వెనక్కి పార్సిలాయన మీద పడింది.

రెక్కలు కలుసుకున్నాయి. సందు గీతైంది, గీత పోయింది.

ఏమీ జరగలేదు.

ఫ్యాను తిరుగుతోంది. దీపం వెలుగుతోంది. లిఫ్టు కదల్లేదు. ఆమె రెండు చేతులూ తలుపు మీదికి పోయాయి. పిచ్చుక ఆ చేతుల్ని పట్టుకుంది.

"బఠానీ! నొక్కరా!"

"ఆఁ?"

"బొత్తం! ఎవరూ నొక్కలేదు! చెప్పకుండా అదెలా పోతుంది!"

వాడు ఎగిరి నొక్కాడు. బొత్తం వెలిగింది. పైన 'టక్' మంది. ఆ వెంటనే, ఆ డబ్బా అడుగునుంచి ఎక్కడో ఒక గుర్రుమనే చప్పుడు మొదలై, నేల వాళ్ళ పాదాలను పైకి నెట్టింది.

తలుపు తెరుచుకున్నప్పుడు బొత్తాలమ్మ నడిచి రాలేదు. మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి, వరండా గోడకు వీపు ఆనించి కూర్చుంది. పార్సిలాయన తన పెట్టె సంగతి మర్చిపోయి ఆమెకు నీళ్ళు వెతకడానికి పరిగెత్తాడు. హాలు గుమ్మంలోంచి సారు తల బయట పెట్టాడు.

"ఎక్కడికి పోయారర్రా? రెండుసార్లు పిలిచారు! బతిమాలి చివర పెట్టించాను. ఎందుకింత ఆలస్యం?"

"తలుపు మూయడం ఆలస్యమైంది సార్" అంది పిచ్చుక. సారుకు అర్థం కాలేదు. వివరించే తీరిక ఎవరికీ లేదు.

హాలు గుమ్మం దగ్గర నిలబడిన వలంటీరు అమ్మాయి పిల్లలిద్దర్నీ లోపలికి పంపి, "మీరూ రండమ్మా, తలుపేస్తాను. ఏసీ ఉంది" అంది.

"ఏసీ నువ్వుంచుకో తల్లీ. నేను గడప మీదే కూచుంటాను."

"అలా కుదరదమ్మా, చల్లగాలి పోతుంది."

"పోనీ. ఇవాళ్టికి నేను మూయాల్సిన తలుపులన్నీ మూసేశాను. ఇంక నన్నడక్కు."

ఆ అమ్మాయి ఆమె మొహం చూసి ఏమనుకుందో, తలుపును తన భుజంతో ఓరగా ఆపి నిలబడింది. బొత్తాలమ్మ సగం లోపల, సగం బయట కూర్చుని పోటీ చూసింది. పెంకిగాడు బరిలో మధ్య దాకా బాగానే వెళ్ళి, అక్కడి నుంచి దారి తప్పి జడ్జీగారి కుర్చీ కిందికి దూరాడు. బహుమతి రాలేదు. బఠానీ కాస్సేపు ఏడ్చాడు, తర్వాత సమోసాలు ఎక్కడిస్తున్నారో కనుక్కున్నాడు.

అంతా అయిపోయాక మెకానిక్కు వచ్చాడు. సంచీ భుజాన వేసుకుని, లిఫ్టు తలుపు మీద నొక్కు పడిన చోటు తడిమి, "ఎవరు పెట్టారు ఇక్కడ అడ్డం? తలుపు మధ్య ఏదీ పెట్టకూడదని తెలీదా?" అన్నాడు.

"నేనే పెట్టాను" అంది బొత్తాలమ్మ. "నేనే తీశాను. నువ్విలా సాయంత్రానికి వస్తానంటే, లోపలున్నవాళ్ళు ఏదో ఒకటి పెడతారు నాయనా."

అతను నవ్వి, తలుపు ఒకసారి తెరిచి మూసి చూపించి, "ఇప్పుడేం భయం లేదమ్మా, దిగండి" అన్నాడు. పెట్టె ఇచ్చేసి వీళ్ళ కోసమే ఆగిన పార్సిలాయన లోపలికెక్కి, ఆమెకు చోటిచ్చి నిలబడ్డాడు. పిచ్చుక అమ్మమ్మ మొహంలోకి చూసింది. ఆమె లిఫ్టు లోపలి దీపాన్ని, చిల్లుల రేకును, తిరుగుతున్న ఫ్యానును నిదానంగా చూసింది. వెనక్కి తిరిగింది.

"మీరు పదండి బాబూ. నేను మెట్ల మీదుగా వస్తాను."

"మోకాళ్ళు అమ్మమ్మా!"

"దిగడానికి అవేం అనవులే. ఎక్కడానికే వాటికి ఏడుపు."

బఠానీ లిఫ్టులో దూకాడు. పిచ్చుక అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. నాలుగు అంతస్తులూ దిగడానికి చాలాసేపు పట్టింది. ప్రతి మలుపు దగ్గరా కూర్చున్నారు. ప్రతి మలుపు దగ్గరా ఒక కిటికీ ఉంది, ఆ కిటికీలకు రెక్కలే లేవు.

ఇట్లు,
ఇస్త్రీ పెద్దమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఆయన పోయాక చిన్న కొడుకు ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.